వియ్యంకుడూ గూడ్సు ఇంజన్ల అందమూ

మొన్న శనివారం మా అమ్మాయి వచ్చి, పాత ఫోనులో ఉన్న నంబర్లన్నీ నా కొత్త ఫోనులోకి ఎక్కించే పని పెట్టుకుంది. సోఫాలో కాళ్లు ముడుచుకుని, రెండు ఫోన్లూ ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేరూ పైకి చదువుతోంది. పోయినవాళ్లవి తీసేయమన్నాను. అవే చాలా ఉన్నాయి. కాసేపటికి ఆగి, "నాన్నా, వియ్యంకుడు అని ఇద్దరున్నారు. ఒకరు మియాపూర్, ఒకరు సంగారెడ్డి. సంగారెడ్డి ఆయన్ని ఏమని పెట్టను?" అని అడిగింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది. మియాపూర్ ఆయన ఇప్పటి అల్లుడి తండ్రి. సంగారెడ్డి ఆయన మొదటి పెళ్లి తాలూకు. విడాకులై ఇన్నేళ్లయినా ఆ పేరు నేను మార్చలేదు. ఏమని మార్చాలో తెలియక మార్చలేదు. పినతల్లి ఆడపడుచు కొడుక్కి కూడా ఏదో ఒక పిలుపు ఉన్న మన భాషలో, తెగిపోయిన వియ్యానికి మాత్రం మాట లేదు. "అలాగే ఉండనీలే" అన్నాను. వంటింట్లో మా ఆవిడ ఒక గిన్నెను కాస్త గట్టిగా గట్టు మీద పెట్టింది.

ఆయన్ని మొదటిసారి చూసింది మా అమ్మాయి పెళ్లిచూపుల్లో. మాది కృష్ణా జిల్లా. మీసాలు సరిగా రాని వయసులో ఇక్కడ పటాన్‌చెరు దగ్గరి ప్రభుత్వ ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, డ్రాయింగు బల్ల మీద వంగి వంగి, నడుం నొప్పితో రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి బీరంగూడలో ఇల్లు కట్టుకున్నాం. అక్కడికి పోతే తెలంగాణా వాళ్లనీ, ఇక్కడుంటే ఆంధ్రా వాళ్లనీ అనిపించుకోవడం అలవాటైపోయిన కుటుంబం. సంబంధం తెచ్చినాయన, అబ్బాయి వాళ్లు మనవాళ్లే, కాకపోతే మొదట్నుంచీ ఇక్కడివాళ్లు, జోగిపేట నుంచి వచ్చి సంగారెడ్డిలో స్థిరపడ్డారు, పంపుసెట్ల దుకాణం ఉంది అని చెప్పాడు. వాళ్లు వచ్చి కూర్చున్నారు. మా ఆవిడ లోపల అమ్మాయికి చీర కుచ్చిళ్లు సర్దుతోంది. అంతలో అబ్బాయి తండ్రి లేచి, మా హాలు గోడకున్న పటం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అది నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఫ్యాక్టరీ లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు పత్రికల్లో బొమ్మ చూసి, భోజనాల వేళల్లో ఇండియా ఇంకుతో గీసుకున్న బ్రిటన్ గూడ్సు ఇంజను. పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా గీసింది. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని పట్టించుకున్న పాపాన పోలేదు. దేవుడి పటాలకు చోటు చాలడం లేదని మా ఆవిడ రెండుసార్లు దింపబోయింది కూడా.

"గిదేంది, గూడ్స్ ఇంజనా?" అన్నాడాయన.

"అవునండీ. బ్రిటన్‌ది. నేనే గీశాను."

"పొగగొట్టం జెర పొట్టిగ గీసిన్రు."

"అది అంతే ఉంటుందండీ. వాళ్ల వంతెనలూ సొరంగాలూ ఇరుకు. బాయిలర్ లావు పెరిగేకొద్దీ పొగగొట్టం కుదించుకోవాల్సి వచ్చింది."

"వంతెన కిందికుంటె ఇంజన్ది తప్పా?" అని ఆయన, తప్పు కాదని నేను, మెడ లేనట్టుందని ఆయన, ఆ మాత్రం మెడ చాలునని నేను. వెనక అమ్మాయి పళ్లెంతో వచ్చి నిలబడిన సంగతి ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఆయన భార్య, "పిల్ల వచ్చి నిలవడ్డది. గోడకేం జూస్తున్రు, ఇటు జూడున్రి" అంటే ఇటు తిరిగాం. ఆ సంబంధం కుదరడానికి జాతకాలూ, కట్నకానుకల మాటలూ ఎన్ని కారణాలైనా ఉండవచ్చు. నాకు మాత్రం ఆ పటం దగ్గరే కుదిరిపోయింది.

సంగారెడ్డికి రైలు లేదు. జిల్లా కేంద్రమైనా రైలు కూత వినపడని ఊరు. అలాంటి ఊళ్లో జీవితమంతా గడిపిన మనిషికి ఇంజన్ల పిచ్చి ఎలా పట్టిందని అడిగితే, వాళ్ల అక్కను శంకరపల్లిలో ఇచ్చారని చెప్పాడు. అక్క ఇల్లు స్టేషను పక్కనే. బడికి సెలవులిస్తే అక్కడికే పోయేవాడు. గూడ్సు బండి వచ్చి నీళ్ల కోసం ఆగేది. "ప్యాసింజర్ వస్తె ఊరంత వస్తుండె. గూడ్స్ వస్తె నేనొక్కణ్ణే. అది నీళ్లు తాగుతుంటె పక్కన కూసొని ఇంటుంటి" అన్నాడు. ఆ ఇంజను పక్కన ఇత్తడి పలక మీద ఇంగ్లండు ఊరి పేరు ఉండేదట. ఆ ఊరి పేరు గుర్తు లేదు. ఇంజను పొట్ట కింద వేడి మాత్రం ఇప్పటికీ గుర్తుందన్నాడు. ఆయన ఇంజన్లను విన్నవాడు, తాకినవాడు. నేను గీసినవాణ్ణి. ఇద్దరిలో ఎవరికీ వాటిని గురించి పూర్తిగా తెలియదు. అందుకే వాదనలు అంత బాగా సాగేవి.

పెళ్లయ్యాక ఆదివారాలు కలుసుకోవడం మొదలుపెట్టాం. మా బీరంగూడకీ వాళ్ల సంగారెడ్డికీ మధ్యన ఉంది కదా అని పటాన్‌చెరులో, బస్టాండు దగ్గరి సందులో ఒక పాత చాయ్ హోటలు చూసుకున్నాం. గాలి మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి వీచిన రోజు చాయ్‌లో కూడా ఆ మందుల వాసన తగిలేది. సెలవు రోజున ఇళ్లకు ఫోన్లు చేసుకునే ఒడియా, బీహారు కుర్రాళ్లతో బల్లలు నిండి ఉండేవి. మేము మూల బల్ల దగ్గర, ఫోను చక్కెర డబ్బాకు ఆనించి పెట్టుకుని, బ్రిటన్‌లో ఇంకా కొందరు ముచ్చటపడి నడుపుతున్న పాత గూడ్సు ఇంజన్ల వీడియోలు చూసేవాళ్లం. చూడడమంటే ఊరికే కాదు. అందం తేల్చాలి. ఎంత బరువు లాగింది, ఎంత వేగం పోయింది అన్న ప్రసక్తి రాకూడదు. బండి నిలబడి ఉండగా, పక్క నుంచి, రూపం ఒక్కటే చూడాలి. ప్యాసింజర్ ఇంజన్లను ఆయన దగ్గరికే రానిచ్చేవాడు కాదు. "అవి పెండ్లి పిలగాండ్ల లెక్క బావా. రంగేస్తరు, పేరు పెడ్తరు, ఇత్తడి తోముతరు. గూడ్స్ దాన్ని ఎవడు తోముతడు? దానికి ఏమన్న అందముంటె దాని సొంతం."

నేను పదికి మార్కులు వేసేవాణ్ణి. ఏడుంబావు, ఆరున్నర, అలా. డ్రాయింగు బల్ల బుద్ధి ఎక్కడికి పోతుంది. పొగగొట్టం పైఅంచు, బాయిలర్ మీది బుడిపె, డ్రైవరు నిలబడే గది కప్పు, ఈ మూడూ ఒకదానికొకటి పొసగాలి. చక్రాల మీద అర్ధచంద్రాల్లాంటి రేకులు ఒక వరసలో ఒదగాలి. ఆయనకు ఈ లెక్కలు పట్టవు. పాస్, ఫెయిల్, రెండే మాటలు. ఆవిరి ఇంజన్ల చివరి రోజుల్లో బ్రిటన్ వాళ్లు కట్టిన పది పెద్ద చక్రాల నల్ల ఇంజను, నైన్ ఎఫ్ అంటారు, దానికి నేను తొమ్మిదిన్నర వేశాను. బాయిలర్ చక్రాలకు పైన ఎత్తుగా ఉండి, కిందినుంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. అంత బరువైన వస్తువు నేల మీద ఆననట్టే ఉంటుంది. ఆయన ఫెయిల్ చేశాడు. "మంచం మీద పండుకున్నట్టున్నది. పనికి పోయేటట్టు లేదు" అన్నాడు. ఆ వారమంతా నాకు మనసు బాగాలేదంటే మీరు నవ్వుతారు.

అసలు తగువు క్యూ వన్ అనే ఇంజను దగ్గర. అది యుద్ధకాలంలో, సామాను కరువై, అక్కర్లేనివన్నీ తీసేసి కట్టిన గూడ్సు ఇంజను. చక్రాల మీద రేకులు లేవు. పక్కన మనిషి నడిచే పలక లేదు. చక్రాలకు బండి చక్రంలా ఆకులు కూడా లేవు, దిమ్మల్లా ఉంటాయి. బాయిలర్ చుట్టూ రేకు చూస్తే పదిహేను కిలోల నూనె డబ్బా పక్కకు పడుకోబెట్టినట్టుంటుంది. దాని మీద బోర్లించిన బొక్కెన లాంటి పొగగొట్టం. ఆయన దాన్ని చూసి, "ఎంత ముద్దుగున్నదో సూడు బావా. ఉన్నదే ఉన్నది. లేనిది ఉన్నట్టు పెట్టలే" అని మురిసిపోయాడు. నేను సున్నా వేశాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశాడు. "సున్న ఎయ్యకు. ఫెయిల్ అను, సాలు. సున్న ఏస్తె మొకం మీద ఉమ్మినట్టుంటది" అన్నాడు. నవ్వులాటకు అనలేదు. గంటసేపు దాని తరఫున వాదించాడు. చివరికి నేను ఆ సున్నా వెనక్కి తీసుకుని, దానికి మార్కులు వేయను అన్నాను. అలా అది మార్కుల్లేకుండా మిగిలిపోయింది.

అటు పిల్లల కాపురం సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. అమ్మాయి పటాన్‌చెరు దాటాక ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేసేది. అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ నడిమధ్యన ఉంటుందని ఇంద్రేశంలో కొత్తగా లేచిన అపార్టుమెంటులో ఫ్లాటు కిరాయికి తీసుకున్నారు. రోడ్డు పడలేదు, నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. మేము ఎప్పుడు వెళ్లినా ఇల్లు శుభ్రంగా ఉండేది, మరీ శుభ్రంగా. ఒకరోజు సాయంత్రం ఆమె కంపెనీ బస్సు దిగి, ఒక సంచితో తిన్నగా మా ఇంటికి వచ్చేసింది. కొట్టాడా అని మా ఆవిడ అడిగింది. "కొట్టలేదమ్మా, తిట్టలేదు. నేను గదిలోకి వస్తే ఆయన బయటికి వెళ్లిపోతారు. రెండేళ్లుగా అంతే" అంది. దీనికి ఎవరి మీద కోప్పడాలో కూడా మాకు తెలియలేదు. బొంతపల్లి వీరభద్రస్వామి దగ్గరికి ఇద్దర్నీ తీసుకువెళ్లాం. దారంతా కారులో రేడియో ఒక్కటే మాట్లాడింది.

తర్వాత పెద్దవాళ్లం కూర్చుని మాట్లాడదామని సంగారెడ్డి వెళ్లాం. వాళ్లింట్లో, మధ్యగదిలో, చాపల మీద. అబ్బాయి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మా ఆవిడ ఏదో అంది, ఆయన భార్య ఏదో అంది, మాటలు వేడెక్కాయి. ఉన్నట్టుండి ఆవిడ మా అమ్మాయి ఎదుటే, "మా పిలగాడు ఏం జెయ్యాలె? రూపం జూసి చేసుకున్నమా? గుణమన్న ఉంటది గదాని చేసుకున్నం. గది గూడ లేకపాయె" అంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన భార్యతో "ఊకో" అన్నాడు, మెల్లగా, ఒకే ఒక్కసారి. ఆవిడ ఊరుకోలేదు. ఆయన తల తిప్పి కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టాడు. పోసిన చాయ్ ముట్టకుండా మేము లేచి వచ్చేశాం. కారు రుద్రారం దాటాక అమ్మాయి అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తూనే, "నాన్నా, నేను బాగుండనా?" అని అడిగింది. ల్యాబులో పదిమందికి పని చెప్పే మనిషి అడిగింది ఆ మాట. "బాగుంటావమ్మా" అన్నాను. తండ్రి చెప్పే ఆ మాటకు ఎంత విలువో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఆదివారం నుంచి నేను హోటలుకు వెళ్లడం మానేశాను. నా కోపం నిజానికి ఆవిడ మీద కాదు. ఆవిడ కొడుకు బాధలో ఉన్న తల్లి, నోరు జారింది. నా కోపమంతా ఆయన మీదే. ఒక ఇనప ముద్దకు సున్నా వేస్తే గంటసేపు కొట్లాడిన మనిషి, నా కూతురికి అంత మాట పడితే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇద్దరి ఒప్పందం మీద విడాకులు. సంగారెడ్డి కోర్టు వరండాలో ఎదురెదురు బెంచీల మీద రెండు కుటుంబాలం. పేరు పిలిచేదాకా కూర్చోవడమే పని. ఎండ పొద్దున్న వాళ్ల బెంచీ మీద ఉండేది, మధ్యాహ్నానికి మా బెంచీ మీదికి వచ్చేది. ఒకసారి ఆయన లేచి వెళ్లి నీళ్ల సీసాలు తెచ్చి, వరండా దాటి వచ్చి మా అమ్మాయికి ఒకటి ఇచ్చాడు. ఆమె అలవాటు కొద్దీ "థ్యాంక్స్ మామయ్యా" అంది. అటు నలుగురూ ఇటు ముగ్గురూ తలలు దించుకున్నారు. నాకు ఇవ్వబోతే నేను అక్కర్లేదన్నాను. బావగారూ అని పిలవాల్సి వస్తుందని, వీలైనంతవరకూ ఆయనతో మాట్లాడే అవసరమే రాకుండా చూసుకున్నాను.

అంతా తేలిపోయి చాన్నాళ్లయ్యాక, మందుల కోసం పటాన్‌చెరు వెళ్లినప్పుడు హోటలాయన నన్ను రోడ్డు మీద చూసి ఆపాడు. వాళ్ల తాత పెట్టిన హోటలు, ఈయన కూడా ముసలివాడైపోయాడు. "సమ్ధీ సాబ్ ప్రతి ఇత్వార్ వస్తుండు సార్. ఒక్క చాయ్ తాగి ఉత్తగ కూసొని పోతుండు. మీరే బంద్ జేసిన్రు" అన్నాడు. ఇత్వార్ అంటే ఆదివారం, సమ్ధీ అంటే వియ్యంకుడు. ఇప్పుడు ఆయన నాకేమీ కాడని ఆ పెద్దమనిషికి చెప్పే ఓపిక లేక తల ఊపి వచ్చేశాను. కానీ వారమంతా అదే ఆలోచన. తర్వాతి ఆదివారం వెళ్లాను. రాజీకి కాదు, లోపల పెట్టుకున్నది మొహం మీద అనేసి రావడానికే.

ఆయన మూల బల్ల దగ్గరే ఉన్నాడు. ఫోను ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని ఏదో చూస్తున్నాడు. నేను కూర్చుని, నమస్కారం కూడా లేకుండా మొదలుపెట్టాను. "ఒక ఇంజనుకు సున్నా వేయొద్దని నన్ను గంటసేపు నిలదీశారు మీరు. నా కూతుర్ని పట్టుకుని ఆ మాట అంటే మీ నోట్లోంచి ఒక్క మాట వచ్చింది. ఒక్కటి."

ఆయన చాయ్ మీద మీగడ కట్టింది. "నిజమే" అన్నాడు చివరికి. "ఆ ఒక్క మాట గూడ మెల్లగ అన్న. గట్టిగ అంటె ఇంట్ల నడవదనుకున్న. పెండ్లయినకాడికెంచి గట్లనే నడిపిచ్చిన. మాఫ్ చెయ్యమని అడగ బావా. అడగనీకె మొకం లేదు. నువ్వు రావద్దంటె రేపటికెంచి ఇటు రాను. గని ఆదివారం పొద్దుగాల అయితె కాళ్లు ఇటే గుంజుతయి."

ఆయన కళ్లలో నీళ్లు లేవు. కళ్లు మాత్రం ఎర్రగా, అలసిపోయినట్టున్నాయి. నేను క్షమించానని అనలేదు. ఇప్పటికీ అనలేదు. లేచి వచ్చేయాలనుకున్నాను, కానీ లేస్తే వెళ్లాల్సింది ఎక్కడికి? ఇంటికే కదా, అక్కడ ఇదే సంగతిని ఒంటరిగా నమలాలి. "ఫోను అంత దగ్గరగా పెట్టుకుంటారేంటి? కళ్లు చూపించుకున్నారా?" అన్నాను. షుగరు కళ్లకు దిగిందన్నాడు. ఆ రోజు ఇంజన్ల మాట రాలేదు.

నేను మళ్లీ ఆదివారాలు వెళుతున్న సంగతి మా ఆవిడకు తెలిసిపోయింది. "మన పిల్లని అంత మాటన్న ఇంటి మనిషితో చాయ్ ఏంటండీ?" అంది. ఆవిడ వైపే న్యాయం ఉంది. ఆదివారాలు నాకు ఇంట్లో టిఫిను ఆగిపోయింది. హోటల్లోనే రెండు బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని సరిపెట్టుకునేవాణ్ణి. అమ్మాయికి మాత్రం చెప్పే ధైర్యం లేకపోయింది. చెప్పకుండానే తెలిసింది. నా కంటికి శుక్లం ఆపరేషనయ్యాక కొన్నాళ్లు బండి నడపొద్దన్నారు. ఒక ఆదివారం ఆమె స్కూటీ మీద నన్ను దింపడానికి వచ్చింది. సందు మొదట్లో దిగిపోతానన్నాను. ఆమె స్టాండు వేసి, హెల్మెట్ తీసి, నా వెనకే లోపలికి వచ్చింది.

ఆయన లేచి నిలబడ్డాడు. ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. "కూసో బిడ్డా" అన్నాడు. ఆమె కూర్చుంది. హోటలాయన అడక్కుండానే మూడో చాయ్ తెచ్చి పెట్టాడు. కాసేపయ్యాక ఆమే ఫోను తన వైపు తిప్పుకుంది. తెర మీద క్యూ వన్ ఉంది. మ్యూజియంలో నిలబెట్టిన ఇంజను.

"మీరిద్దరూ గొడవపడేది దీని గురించేనా?"

"ఇదే" అన్నాను.

"ఇది ఎందుకు కట్టారు మామయ్యా?"

"యుద్ధంల సామాన్లు మొయ్యనీకె."

"మోసిందా?"

"మోసింది బిడ్డా. యుద్ధం అయినంక గూడ శాన ఏండ్లు మోసింది."

ఆమె రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, పొగగొట్టం నుంచి వెనక బొగ్గుపెట్టె దాకా నిదానంగా చూసింది. ల్యాబులో సీసా వెలుతురులోకి ఎత్తి చూసే చూపు అది. "నిలబెట్టి చూస్తే ఎవరు బాగుంటారు, మామయ్యా?" అంది.

గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఆయన తట్టుకోలేకపోయాడు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. "నేను ఆ దినం మాట్లాడకపోతి బిడ్డా. మాట్లాడాల్సి ఉండె" అన్నాడు. ఆమె ఆయన కప్పును ముందుకు జరిపి, "చాయ్ చల్లారుతోంది, తాగండి" అంది. తను కూడా తాగింది. తర్వాత కూరగాయలు కొనుక్కొస్తానని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎన్నోసార్లు నన్ను ఆ సందులో దింపింది గానీ మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. ఒక్కసారి కూర్చోవడమే ఆమె చేయగలిగింది, చేసింది. నేనూ అంతకు మించి ఆశించలేదు. ఆ రోజు నుంచి మేము నిలబెట్టిన బొమ్మలు మానేసి, నడుస్తున్న బండ్లే చూడడం మొదలుపెట్టాం. ఎవరం అనుకుని చేసింది కాదు.

తర్వాత ఆమెకు తను పనిచేసే చోటే ఒక అబ్బాయి పరిచయమయ్యాడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, ఆ తర్వాత పాతికమందికి భోజనాలు. పెళ్లిచూపులు లేవు. సంగారెడ్డి మామయ్యను పిలవమని అమ్మాయే అంది. మా ఆవిడ వద్దంది. నేను అడిగితే ఆయనా వద్దన్నాడు. "మీ కొత్త వియ్యంకుని ముంగట నేను ఏమని నిలవడాలె బావా" అన్నాడు. కొత్త వియ్యంకుడు మంచివాడు. ఉదయపు నడకల గురించీ, బీపీ గురించీ మాట్లాడతాడు. మా గోడ మీది ఇంజను పటాన్ని చూసి, అది ఏ దిక్కుకు ఉందో కనుక్కుని, వాస్తు ప్రకారం అక్కడ నీళ్ల బొమ్మ ఉంటే మేలన్నాడు. నేను సరేనన్నాను. ఇప్పుడు దేనికైనా సరేననడమే తేలిక.

సంగారెడ్డి ఆయనకు రెండేళ్లుగా చూపు దాదాపు లేదు. బస్సెక్కి పటాన్‌చెరు రాలేడు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, ఇంకా పెళ్లి చేసుకోలేదు. నేను మాత్రం ఆదివారాలు హోటలుకు వెళుతున్నాను, మోకాళ్లు ఒప్పుకున్నప్పుడు. ఆయన ఫోను వస్తుంది. తనకు అంకెలు కనపడవు కాబట్టి నంబరు నొక్కేది ఆయన భార్యే. మొదట్లో, "మాట్లాడున్రి, ఆయనున్నడు" అని చెప్పి వెంటనే ఆయనకు ఇచ్చేసేది. ఒకసారి ఇవ్వకుండా ఆగింది. నేను ఊపిరి వింటున్నాను. "పిల్ల మంచిగున్నదా?" అంది. "బాగుందండీ" అన్నాను. ఆవిడ ఆఁ అని, ఇంకేదో అనబోయి, ఫోను ఆయన చేతికి ఇచ్చేసింది. ఆ సంగతి నేను మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుని, "విన్నాను" అంది. ఆ పై ఆదివారం నుంచి నాకు ఇంట్లో ఉప్మా దొరుకుతోంది.

ఫోనులో నేను ఇంజన్లను వర్ణిస్తాను, ఆయన వింటాడు. ఎంత గీసినవాడికైనా చెప్పడం వేరే పని. గట్టు మీదికి ఎక్కుతున్న బండి, పక్కన తడిసిన గడ్డి, పొగ ఎటు వాలింది, చక్రాల కడ్డీలు ఎంత మెల్లగా తిరుగుతున్నాయి, డ్రైవరు మోచెయ్యి ఎక్కడ ఆనించాడు. పొగగొట్టం పొట్టిదని గట్టిగా చెబుతున్న ముసలాణ్ణి పక్క బల్ల కుర్రాళ్లు వింతగా చూస్తారు. ఆయన మధ్యమధ్యలో ఆపి, రంగు కాదు, మసి ఎక్కడ పట్టిందో చెప్పమంటాడు. అంతా విని పాస్ అంటాడు. ఫెయిల్ అని ఈ మధ్య ఎప్పుడూ అనలేదు. నేనూ మార్కులు వేయడం మానేశాను. ఆయనకు కనపడనివాటికి నేను పావూ అరా తగ్గించడం బాగుండదు.

నిన్న ఆదివారం వెళ్లాను గానీ ఒంట్లో సత్తువ లేదు. రోడ్డు మళ్లీ తవ్వారు, సందు దాకా దుమ్ములో నడిచి ఆయాసపడ్డాను. ఫోను వచ్చింది. "ఇయ్యాల ఏం జూస్తున్నం బావా?" అన్నాడు. వీడియో తెరిచి, మళ్లీ మూసేశాను. "ఈ రోజు ఓపిక లేదు బావగారూ" అన్నాను. పెట్టేస్తాడేమో అనుకున్నాను. "ఏం గాదు. ఊకెనే కూసుందం" అన్నాడు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను. అటు వాళ్లింట్లో ఎవరో నీళ్లు పడుతున్న చప్పుడు. ఇటు లారీలు, చాయ్ గ్లాసులు, ఎవరో ఒడియాలో ఇంటికి చెబుతున్న కబుర్లు. కొంతసేపటికి, "ఉన్నవా?" అన్నాడు. "ఉన్నాను" అన్నాను. ఈ వయసుకు వచ్చేసరికి కాలం మన దగ్గర ఒక్కొక్కటే అడిగి పట్టుకుపోయింది, చూపునీ, నడకనీ, చుట్టరికాలనీ; ఆదివారం పొద్దుటి ఈ గంటను మాత్రం ఇంకా అడగలేదు.